లైఫ్ టైమ్ ఆయిలు - ఎవరి లైఫండీ?

మొన్న సంక్రాంతికి అంబాజీపేట, బాబాయి వాళ్ళింటికి వెళ్ళాను. భోగినాడు పొద్దున్నే పిన్ని వాకిట్లో కళ్ళాపి చల్లి పేద్ద ముగ్గేసింది. తొమ్మిదింటికి బాబాయి బయటినుంచి వచ్చి, ఆవిడ వద్దు వద్దని మొత్తుకుంటున్నా వినకుండా, కారు సరిగ్గా ఆ ముగ్గు మీదే పెట్టాడు. సాయంత్రం కారు తీశాక చూస్తే ముగ్గు మధ్యలో రూపాయి బిళ్ళంత ఎర్రటి మరక. పిన్ని ముందు కుంకుమ ఒలికిందనుకుంది. కాదని తేలాక, ఎవడో కిళ్ళీ ఉమ్మేశాడని వీధంతా వినబడేలా తిట్టింది. నేను వేలితో ముట్టుకుని చూశాను. జిడ్డుగా ఉంది.

"ఏసీ నీళ్ళేలేరా" అన్నాడు బాబాయి.

ఏసీ నీళ్ళు ఎర్రగా, జిడ్డుగా ఉండవు కదా అన్నాను. "పండగ పూట పేచీలు పెట్టకు" అన్నాడు. అక్కడితో ఆ సంభాషణ అయిపోయింది. అలా అయిపోనివ్వడం నా తప్పే, దాని సంగతి తర్వాత చెప్తాను.

బాబాయిది కొబ్బరికాయల వ్యాపారం. రెండేళ్ళ క్రితం హైదరాబాదులో ఒక జర్మన్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 2012 మోడల్, ఆటోమేటిక్ గేర్లు, తోలు సీట్లు. కొత్త చిన్న కారు ఎంతకొస్తుందో అంతకే వచ్చేసింది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయేది ఒక్క కంపెనీ గొడవ కాదు. మన ఐటీ వాళ్ళలో కూడా ఇలా కొన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. బోనస్ రాగానే, కొత్తది కోటి రూపాయలు పలికే రకం కారు పదేళ్ళు పాతబడి పది లక్షలకి కనిపిస్తే ఎవరికి మాత్రం మనసు లాగదు? నాకూ లాగింది. ఈ పండక్కి వెళ్ళి రాకపోతే నేనూ కొనేవాడినేమో :-)

కొన్నప్పుడు అమ్మినాయన ఒక మాట చెప్పాడట: "గేరుబాక్సు సంగతి మీరు మర్చిపోండి సార్. లైఫ్ టైమ్ ఆయిలు. ముట్టుకోనే కూడదు." బాబాయి ఆ మాటని వేదవాక్కులా పట్టుకున్నాడు. అమ్మినాయన అబద్ధం చెప్పాడని కూడా అనలేను. ఇలాంటి చాలా కార్ల కంపెనీలు ఏళ్ళ తరబడి ఆ మాటే చెప్పాయి. నా గొడవంతా ఆ మాట మీదే.

ముందు ఆ ఆయిలు చేసే పనేంటో చూద్దాం, లేకపోతే మిగతాది అర్థం కాదు. మామూలు గేర్ల కారులో గేరుబాక్సు ఆయిలుకి ఉన్నది ముఖ్యంగా ఒక్కటే పని, పళ్ళు అరక్కుండా చూడటం. కాస్త తగ్గినా ఆ బండి మూలుగుతూ కొన్నాళ్ళు నడిచేస్తుంది. ఆటోమేటిక్‌లో అలా కాదు. ఇంజను శక్తిని గేరుబాక్సుకి అందించే టార్క్ కన్వర్టరులో ఆ పని చేసేది ఆయిలే. లోపలున్న క్లచ్ పలకల్ని నొక్కి పట్టి గేరు వేసేదీ ఆయిలు ఒత్తిడే. వేడిని కూలరు దాకా మోసుకెళ్ళేదీ అదే, జారుడు కోసం ఉన్నదీ అదే. అంటే అక్కడ ఆయిలు కందెన మాత్రమే కాదు, సగం యంత్రం అదే. అందుకే దాన్ని గేరాయిలు అనకుండా ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, పొట్టిగా ఏటీఎఫ్, అని వేరే పేరుతో పిలుస్తారు.

ఇది తగ్గితే ఏమవుతుందంటే, పంపు ఆయిలుతో పాటు గాలి కూడా పీలుస్తుంది. నురగ వస్తుంది. నురగకి ఒత్తిడి నిలవదు. ఒత్తిడి లేకపోతే క్లచ్ పలకలు గట్టిగా పట్టుకోక జారుతాయి. జారితే వేడి. ఆ వేడికి మిగిలిన ఆయిలు మాడుతుంది, రబ్బరు సీళ్ళు గట్టిపడి బీటలిస్తాయి. దాంతో లీకు ఇంకా పెరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే మెమరీ లీకు లాంటిదే, మొదట్లో అంతా బాగానే ఉన్నట్టుంటుంది. కాకపోతే ఒక తేడా ఉంది. మన సర్వర్ని రాత్రి పూట రీస్టార్టు చేసి పొద్దున్న ఏమీ ఎరగనట్టు కూర్చోవచ్చు. కాలిపోయిన క్లచ్ పలకల్ని రీస్టార్టు చెయ్యలేం.

మరి ఇంత ముఖ్యమైన ఆయిలు ఎంతుందో చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా? పాత ఆటోమేటిక్ కార్లలో డిప్‌స్టిక్కు ఉండేది. ఎవరైనా బానెట్టు ఎత్తి, కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి చూసుకునేవారు. ఇప్పటి లగ్జరీ కార్లు చాలావాటిలో అది లేదు. కొన్నిట్లో కడ్డీ దూర్చే గొట్టం ఉంటుంది గానీ కడ్డీ ఉండదు, మూతకి సీలు వేసేస్తారు. లెవెల్ చూడాలంటే కారుని సమంగా పైకెత్తాలి, ఇంజను ఆన్‌లో ఉంచాలి, ఆయిలు ఫలానా వేడిలో ఉండగా పక్కనున్న బిరడా విప్పి సన్నగా కారుతోందో లేదో చూడాలి. లెవెల్ తగ్గిందని చెప్పే లైటు కూడా చాలా కార్లలో లేదు. గేరుబాక్సు జారడం మొదలయ్యాకే డ్యాష్‌బోర్డు మీద ఏదో ఒకటి వెలుగుతుంది. అప్పటికే ఆలస్యం.

అంటే ఓనరుకి ముందుగా తెలిసే దారి ఒక్కటే మిగిలింది, నేల మీద పడిన చుక్క. ఆ కారు రాసే లాగ్ ఫైలు అదొక్కటే. దాన్ని మనం ఏసీ నీళ్ళనో, కిళ్ళీ మరకనో అనుకుని తుడిచేస్తున్నాం.

పైగా ఆ చుక్క కూడా నిజం మొత్తం చెప్పదు. ఈ కార్ల అడుగున మట్టి పడకుండా వెడల్పాటి కవర్లు బిగిస్తారు. కారిన ఆయిలు ముందు ఆ కవరులో పోగవుతుంది. అది నిండి ఒలికితేనే నేల మీద చుక్క పడేది. పిన్ని ముగ్గు మీద రూపాయి బిళ్ళంత మరక కనిపించిందంటే కవరులో అప్పటికే గ్లాసుల కొద్దీ ఉందన్నమాట. మాకు ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఇంతకీ ఏం జరిగిందంటే, కనుమ నాడు అందరం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం. తెలియనివాళ్ళకి, అది మా కోనసీమలో పెద్ద తీర్థం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభల్ని భుజాల మీద మోసుకుంటూ, చేలకి అడ్డంపడి, కాలవల్లోంచి కూడా దాటించి తీసుకొస్తారు. వెళ్ళేటప్పుడే కారు రెండో గేరు నుంచి మూడుకి పడేటప్పుడు ఎవరో వెనకనుంచి తన్నినట్టు కుదుపిచ్చింది. అడిగితే అప్పుడు చెప్పాడు బాబాయి, రెండు నెలల నుంచి అలాగే ఉందని, హైవే మీద ఒక షెడ్డులో రెండుసార్లు "ఎర్రాయిలు" అరలీటరు చొప్పున పోయించానని. ఏ ఆయిలు, ఏ నంబరు అంటే తెలీదు. ఎర్రగా ఉంది, ఇదీ ఎర్రగానే ఉంది, అంతే.

తిరిగొచ్చేటప్పుడు తీర్థం జనంలో గంటసేపు పాకుతూ వచ్చాక కాలవ గట్టు మీద కారు ఆగిపోయింది. ఇంజను ఆగలేదు. యాక్సిలరేటరు తొక్కితే గొంతు చించుకుంటోంది గానీ కారు కదలదు. కారులో పిన్నీ, ఇద్దరు చిన్నపిల్లలూ, మోకాళ్ళ నొప్పులతో మా నాన్నమ్మా ఉన్నారు. వెనకాల ట్రాక్టర్లూ, ఆటోలూ వరస కట్టేశాయి. ఒకాయన పాపం మంచి మనసుతో ట్రాక్టరుకి మోకు కట్టి లాగేస్తానన్నాడు. నేను వద్దన్నాను. అందరూ నన్ను పిచ్చివాడిలా చూశారు. బాబాయికైతే కోపం నషాళానికంటింది. కానీ నేను వద్దనడానికి కారణం ఉంది. చాలా ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో ఆయిలు పంపుని తిప్పేది ఇంజను వైపు షాఫ్టు. ఇంజను ఆపి కారుని నేల మీద లాగితే చక్రాలతో పాటు గేరుబాక్సు లోపలి భాగాలు తిరుగుతాయి, పంపు మాత్రం తిరగదు. ఆయిలు చుక్క అందకుండా ఇనుము ఇనుముని రాసుకుంటుంది. లీకయిన బండికి అది మరీ ప్రమాదం. నడిపే చక్రాలు గాల్లో ఉండాలి, లేదా కారు మొత్తాన్ని లారీ మీదకెక్కించాలి. అందరం కలిసి న్యూట్రల్‌లో నాలుగడుగులు నెట్టి పక్కకి పెట్టాం. రాజమండ్రి నుంచి లారీ వచ్చేసరికి రాత్రి పదకొండయింది.

భోగినాడే గట్టిగా చెప్పి కారు తీయకుండా ఆపి ఉంటే ఇదంతా ఉండేది కాదు. తెలిసి కూడా పండగ పాడవుతుందని ఊరుకున్నాను. ఆఫీసులో శుక్రవారం సాయంత్రం వార్నింగు కనిపించినా సోమవారం చూద్దాంలే అనుకుంటాం చూడండి, సరిగ్గా అదే.

మర్నాడు సర్వీసు సెంటరుకి ఫోన్ చేశాం. ఆ కంపెనీది అమలాపురంలో లేదు. విజయవాడ 150 పైచిలుకు కిలోమీటర్లు, విశాఖ 200 పైచిలుకు. ఫోన్‌లోనే ఆయన, ఈ వయసు బండికి గేరుబాక్సు మొత్తం మార్చడమే మంచిదని చెప్పి ఒక అంకె చెప్పాడు. బాబాయి కారు కొన్న ధరలో అది సగం. ఏది కారుతోందని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

చివరికి అమలాపురంలోనే ఒక షెడ్డుకి దించాం. అక్కడి మేస్త్రీగారికి యాభై దాటి ఉంటాయి. ఎక్కువగా ఇన్నోవాలూ, ట్యాక్సీలూ చూస్తాడు. ఆయన ముందు చేసిన పని ఏంటంటే, ఏమీ విప్పలేదు. అడుగు కవరు తీసి, గేరుబాక్సంతా శుభ్రంగా కడిగి ఆరబెట్టి, మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి చుట్టూ చల్లాడు. కాసేపు ఇంజను ఆన్ చేసి ఉంచి, కింద దూరి లైటు వేసి చూశాడు. తెల్లటి పౌడరు మీద ఎర్రటి గీత ఎక్కడ మొదలయిందో అక్కడే లీకు. మా పిన్ని ముగ్గు చేసిన పనే ఇదీ!

"ఆయ్, చాంబరు ప్యాకింగు కాదండి బాబూ. ఇదుగో ఈ వైర్ల సాకెట్టు దగ్గరండి. ఓరింగు పోయిందండి."

అంతే. గేరుబాక్సు లోపలికి వైర్లు వెళ్ళే చోట ఉండే సాకెట్టు, దాని చుట్టూ ఉండే రబ్బరు రింగు. పదేళ్ళు వేడిలో మగ్గి గట్టిపడి పట్టు వదిలేసింది. ఆ సామాను ధర, పండక్కి మా ఇంట్లో పూతరేకులకి పెట్టిన ఖర్చుకంటే తక్కువ. సాకెట్టు దగ్గర లీకుల్లో ఇంకో చిక్కుంది. కొన్ని మోడళ్ళలో ఆయిలు దీపం వత్తిలోకి నూనె పాకినట్టు వైర్ల లోపల్నుంచి పాకుతూ వెళ్ళి గేరుబాక్సు కంప్యూటరులోకి చేరుతుంది. అప్పుడు రబ్బరు రింగుతో పోయేది కాస్తా ఎలక్ట్రానిక్సు దాకా వెళ్తుంది. మా అదృష్టం, అక్కడిదాకా పోలేదు.

సాకెట్టు మార్చడం ఆయనకి గంట పని. అసలు సమస్య తర్వాత వచ్చింది. ఏ ఆయిలు పొయ్యాలి? ఎంత పొయ్యాలి? ఏ వేడిలో లెవెల్ చూడాలి? "కాయితం ఉంటే మేం చెయ్యలేమాండి?" అన్నాడు మేస్త్రీగారు. వెటకారం కాదు, మామూలుగానే అన్నాడు. నాకు ఆ మాట ఇప్పటికీ చెవిలో గుయ్‌మంటోంది.

ఆ కాయితం కోసం నేను రెండు రాత్రులు వెతికాను. నాకు ఇంగ్లీషు వచ్చు, వెతకడం వచ్చు, ఇంటర్నెట్ ఉంది, ఇంటినుంచి పనిచేసుకునే ఉద్యోగం ఉంది. అయినా రెండు రాత్రులు పట్టింది. మన బండికి పొయ్యాల్సిన ఆయిలు స్పెసిఫికేషను నంబరు పట్టుకుని, ఆ నంబరు డబ్బా మీద ఉన్నదాన్నే హైదరాబాదు నుంచి తెప్పించాం. ఫిల్టరు, చాంబరు ప్యాకింగు కూడా దాంతోపాటే. గేరుబాక్సు వేడి చూపించే ఓబీడీ స్కానరు ఒకటి కొన్నాను. మాకు కావలసింది ఇంచుమించు 40 డిగ్రీలు. కోనసీమ మధ్యాహ్నప్పూట ఇంజను ఆన్ చేసి ఇటు తిరిగి అటు తిరిగేలోపు అది దాటిపోతుంది. అందుకని ఒకరోజు తెల్లవారుజామున అయిదున్నరకి మొదలుపెట్టాం. నేను స్కానరు పట్టుకుని అంకెలు చదవడం, ఆయన కింద పడుకుని బిరడా విప్పి బిగించడం. దించిన ఆయిలు కంటే లీటరుంపావు ఎక్కువ పట్టింది. అంత తక్కువతో తిరిగిందన్నమాట ఆ కారు.

కారు కదిలింది. ఇప్పుడు రోజూ రావులపాలెం వెళ్ళొస్తోంది. కానీ కథ సుఖాంతం అని చెప్పలేను. దించిన ఆయిలు నల్లగా, మాడు వాసనతో ఉంది. రెండు నుంచి మూడో గేరుకి పడేటప్పుడు ఇప్పటికీ చిన్న వణుకుంది. క్లచ్ పలకలు కొంత కాలిపోయాయి, అవి తిరిగి రావు. రెండు నెలల ముందు ఓరింగు మార్చి సరైన ఆయిలు పోసి ఉంటే ఈ వణుకు ఉండేది కాదనుకుంటాను. గేరుబాక్సుని పాడు చేసింది లీకొక్కటే కాదు. "ముట్టుకోకూడదు" అన్న మాటా, "కాస్త పోసి పంపించెయ్" అన్న మాటా కలిసి పాడు చేశాయి.

ఇప్పుడు ఆ "లైఫ్ టైమ్" సంగతి. ఎవరి లైఫు? కారుదా, ఓనరుదా, వారంటీదా? చాలా లగ్జరీ కార్లకి గేరుబాక్సులు తయారుచేసేది జర్మనీలోని జడ్‌ఎఫ్ కంపెనీ. ఆ జడ్‌ఎఫ్ తన గేరుబాక్సులకి 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎంత ఆలస్యమైనా 8 ఏళ్ళకి, ఆయిలు మార్చమంటుంది. అదే గేరుబాక్సు బిగించిన కారు పుస్తకంలో మాత్రం మార్చక్కర్లేదని ఉంటుంది. వంట చేసినవాడు రేపటికి పాచిపోతుంది అంటుంటే వడ్డించేవాడు ఎన్నాళ్ళైనా ఉంటుంది అన్నట్టు లేదూ?

నా అభిప్రాయం ఇది: "లైఫ్ టైమ్" అన్నది మొదటి ఓనరుని దృష్టిలో పెట్టుకుని రాసిన మాట. ఆయన నాలుగైదేళ్ళు వాడి అమ్మేస్తాడు. ఆ నాలుగైదేళ్ళలో ఆయిలు మార్చే ఖర్చు లేకపోతే కారు చవగ్గా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. ఆ మిగిలిన ఖర్చు ఎక్కడికీ పోదు, కారుతో పాటే చేతులు మారి, జూబిలీహిల్స్ నుంచి అంబాజీపేట వచ్చి, మా బాబాయి ఒళ్ళో పడుతుంది. టెక్నికల్ డెట్ అంటాం కదా మనం? అప్పు చేసినవాడు రిలీవ్ అయిపోతాడు, కేటీ ఇవ్వడు, సపోర్టు టీములో కొత్తగా చేరినవాడు అర్ధరాత్రి ఫోన్ ఎత్తాలి. ఇదీ అంతే.

రెండో అభిప్రాయం, ఇది కొంచెం పెద్ద గొడవ. మేస్త్రీగారు అడిగిన ఆ కాయితం ఎందుకు దొరకదు? మన దేశంలో ఈ ప్రశ్న ఎప్పుడో వచ్చింది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలనీ, రిపేరు సమాచారాన్నీ, డయాగ్నస్టిక్ పరికరాలనీ బయటి మెకానిక్‌లకి అందకుండా చేస్తున్నారన్నది అభియోగం. కంపెనీలు కోర్టులకీ, అప్పీళ్ళకీ వెళ్ళాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే దీని మీద చట్టం తెచ్చుకుంది. యూరప్‌లో 2007 నాటి నిబంధనలోనే బయటి మెకానిక్‌లకి కూడా రిపేరు సమాచారం ఇవ్వాలని పెట్టారు. మన కేంద్రప్రభుత్వం 2022లో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. కానీ పోర్టల్ వేరు, అమలాపురం షెడ్డులో మేస్త్రీగారి చేతికి తెలుగులో కాయితం అందడం వేరు.

దీనికి కంపెనీల వాదన నాకు తెలుసు. తెలియనివాళ్ళు చెయ్యి పెడితే పాడవుతుంది, ప్రమాదం, అంటారు. నిజమే, హైవే షెడ్డులో పోసిన ఎర్రాయిలే అందుకు సాక్ష్యం. కానీ ఆ షెడ్డువాడు తప్పు ఆయిలు పోసింది తెలివి లేక కాదు, సరైనది ఏదో ఎక్కడా రాసిలేక. అది సమాచారం దాచిపెట్టడానికి కారణం కాదు, ఇవ్వడానికి కారణం. డాక్యుమెంటేషను ఇవ్వకుండా, యూజర్లు తెలివితక్కువ వాళ్ళని తిట్టే ప్రోగ్రామర్లని మనం చూడలేదా? మనమే ఒక్కోసారి ఆ ప్రోగ్రామర్లం కాదా?

తిట్టడం అయింది కాబట్టి కాస్త పనికొచ్చే ముక్కలు చెప్తాను. ఇలాంటి కారున్నవాళ్ళూ, కొనబోయేవాళ్ళూ గుర్తుపెట్టుకోండి.

కారు కింద రాత్రి పూట తెల్ల అట్టముక్క పరవండి. నెలకోసారి చాలు. పొద్దున్న చుక్క ఎక్కడ పడిందో, ఏ రంగో ఫోటో తీసి పెట్టుకోండి. రంగూ వాసనా లేని నీళ్ళైతే ఏసీవి, భయం లేదు. నల్లగా ఉంటే చాలావరకు ఇంజనాయిలు. ఎర్రగా ఉంటే ఏటీఎఫ్ అనుకోవచ్చు గానీ, కొన్ని కార్లలో పవర్ స్టీరింగుకీ అదే ఎర్రాయిలు వాడతారు, కాబట్టి ఏ చోట కారిందో చూడాలి. ఎర్రగా లేదు కాబట్టి ఏటీఎఫ్ కాదు అనుకోవడం కూడా తప్పే. జడ్‌ఎఫ్ ఆరు గేర్ల బాక్సు ఆయిలు తేనె రంగులో, ఎనిమిది గేర్లది ఆకుపచ్చగా ఉంటాయి. నీలంగా ఉండేవీ ఉన్నాయి.

లీకు ఎక్కడో తెలియకుండా ఆయిలు పోయించకండి. చాంబరు ప్యాకింగు, సాకెట్టు, కూలరు గొట్టాలు అయితే చిన్న ఖర్చుతో పోతుంది. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్యనుండే సీలు అయితే సీలు చవకే, కానీ గేరుబాక్సు దించాలి కాబట్టి కూలి ఎక్కువ. ఆయిలు ఎక్కువ పోసినా నురగొచ్చి పైనున్న గాలి గొట్టంలోంచి కక్కేస్తుంది. అది చూసి లీకనుకుని ఇంకా పోసేవాళ్ళున్నారు. లీకుని ఆపేస్తామనే మందు డబ్బాలు కూడా దొరుకుతాయి. అవి రబ్బరుని ఉబ్బించి కొన్నాళ్ళు మూస్తాయి, విరిగిన కాలికి నొప్పి మాత్ర లాంటివి.

అన్నిటికంటే ప్రమాదం బయటికి కారని లీకు. కొన్ని కార్లలో ఏటీఎఫ్ కూలరు రేడియేటరు లోపలే ఉంటుంది. అది లోపల చిల్లు పడితే రేడియేటరు నీళ్ళూ ఆయిలూ కలిసిపోతాయి. అప్పుడు ఆయిలు అచ్చం రాజమండ్రి రోజ్ మిల్కులా అవుతుంది. ఆ రంగు కనిపిస్తే ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. క్లచ్ పలకల మీద అతికించేది కాగితం లాంటి పదార్థం, నీళ్ళు తగిలితే ఊడొస్తుంది. వరదల్లో మునిగిన కార్లకీ ఇదే జబ్బు, నీళ్ళు గాలి గొట్టంలోంచి లోపలికి పోతాయి. హైదరాబాదులో 2020 అక్టోబరు, మన గోదారి లంకల్లో 2022 జులై, విజయవాడలో 2024 సెప్టెంబరు, ఈ మూడు వరదల్నీ గుర్తుపెట్టుకుని, కొనే కారు అప్పుడు ఎక్కడుందో అడగండి.

ఇన్సూరెన్సు చూసుకుంటుందిలే అనుకోకండి. అరుగుదల వల్ల వచ్చే లీకుకి మామూలు పాలసీ పైసా ఇవ్వదు. ఇంజను, గేరుబాక్సు కోసం విడిగా యాడ్ ఆన్ తీసుకుంటే, అడుగు తగిలి ఆయిలు కారిపోయినా, నీళ్ళు దూరినా చాలావరకు పనికొస్తుంది. మా ఊళ్ళ స్పీడు బ్రేకర్ల ఎత్తు చూసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక కారు కొనడానికి డబ్బుందా అని కాదు, కొన్నాక బాగుచేయించడానికి ఉందా అని లెక్కేసుకోండి. పది లక్షలకి కొన్నా అది కోటి రూపాయల కారే. ధర తగ్గింది గానీ సామాను ఖరీదు తగ్గలేదు. నా లెక్కలో, కొన్న ధరలో అయిదో వంతు పక్కన పెట్టలేకపోతే కొనకూడదు. కొన్న మొదటి వారంలోనే ఆయిలు, ఫిల్టరు, సీళ్ళు చూపించాలి.

బాబాయిని వెక్కిరించడానికి రాసింది కాదు ఇది. ముప్ఫై ఏళ్ళు కొబ్బరి లారీల వెనక తిరిగినాయన ఒక మంచి కారు ఎక్కాలనుకోవడం తప్పేం కాదు. ఆయన మోసపోయింది కారు విషయంలో కాదు, "చూసుకోనక్కర్లేదు" అన్న మాట విషయంలో. చూసుకోనక్కర్లేని యంత్రం నేనింతవరకూ చూడలేదు. మనం రాసే సాఫ్టువేరుతో కలిపి.

నేను హైదరాబాదు బయల్దేరే ముందు రోజు, ఆ రెండు రాత్రులు వెతికిందంతా ఒక పేజీలో తెలుగులో రాశాను. ఆయిలు నంబరు, ఎంత పడుతుంది, ఎంత వేడి, ఏ బిరడా ముందు, ఏది తర్వాత. ప్రింటు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టి మేస్త్రీగారికిచ్చాను. షెడ్డులో దేవుడి పటం పక్కనే గోడకి అతికించుకున్నాడు. పోయిన వారం ఫోన్ చేశాడు. కొత్తపేట నుంచి అదే రకం బండి ఒకటి లీకుతో వచ్చిందట. ఈసారి నన్నేమీ అడగలేదు, తెల్లారగట్ల తనే చేసేశాడు. "చెప్దామనే చేశానండి" అన్నాడు.

బాబాయి ఇప్పుడు రోజూ పొద్దున్నే కారు కిందకి వంగి చూస్తున్నాడట. పిన్ని మాత్రం ముగ్గు మీద కారు పెట్టనివ్వడం లేదు.